గనిలో నక్షత్రం... బడిలో చీకటి

ఫిబ్రవరి 28 వస్తే దేశమంతా జాతీయ సైన్సు దినం జరుపుకుంటుంది. 1928లో ఆ రోజున సి.వి. రామన్ తన పరిశోధన ఫలితాన్ని లోకానికి వెల్లడించారు. అందుకు గుర్తుగా బడుల్లో అట్టముక్కలతో నమూనాలు చేయించి, ఉపన్యాసాలు ఇప్పించి, బిస్కెట్లు పంచుతారు. కోలారు జిల్లాకు మాత్రం అదే తేదీ మరో కారణంగా గుర్తుంటుంది. 2001లో సరిగ్గా ఫిబ్రవరి 28నే కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చిన నేల ఆ రోజుతో చేతులెత్తేసింది. వేల కుటుంబాలు రోడ్డున పడ్డాయి.

బంగారం పోయిందని అందరూ బాధపడ్డారు. అది న్యాయమే. కానీ ఆ గనిలో బంగారంతోపాటు ఇంకొకటి కూడా దొరికింది. 1965లో, భూమికి 2.3 కిలోమీటర్ల లోపల, చాంపియన్ రీఫ్ గనిలో శాస్త్రజ్ఞులు ఆకాశం నుంచి వచ్చిన ఒక కణం జాడ పట్టారు. దాని పేరు న్యూట్రినో. ప్రపంచ విజ్ఞాన చరిత్రలో ఆ గని పేరు శాశ్వతంగా నిలిచిపోయింది. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట బడుల్లో చదివే పిల్లల్లో ఈ ముక్క ఎంతమందికి తెలుసు? 2018లో, 2022లో వచ్చిన 'కేజీఎఫ్' సినిమాల్లో హీరో చెప్పిన డైలాగులు అడగండి, గుక్క తిప్పుకోకుండా చెబుతారు. న్యూట్రినో అంటే మాత్రం కొత్తగా వచ్చిన సెల్‌ఫోనా అన్నట్టు చూస్తారు.

తప్పు పిల్లలది కాదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతను మన చదువులు నిజం చేసి చూపిస్తున్నాయి.

బంగారం పుట్టిల్లు ఎక్కడ?

అసలు కోలారు బంగారం ఎక్కడి నుంచి వచ్చింది? రాతి నుంచి వచ్చిందంటారు. ఆ రాళ్ల వయసు దాదాపు 270 కోట్ల సంవత్సరాలు. భూమి లోపలి వేడినీళ్లు రాతి పగుళ్లలోకి పాకి, పలుగురాయితో కలిపి బంగారాన్ని అక్కడ పేర్చాయి. బాగానే ఉంది. మరి ఆ వేడినీళ్లలోకి బంగారం ఎలా వచ్చింది? భూమి పుట్టినప్పుడే అది భూమిలో కలిసి ఉంది. భూమిలో కలవక ముందు? అక్కడే అసలు కథ ఉంది. అది నక్షత్రాల కథ.

సూర్యుడు ఒక మామూలు నక్షత్రం. దాని నడిగర్భంలో కోటిన్నర డిగ్రీల వేడి. ఆ వేడికి హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదానితో ఒకటి అతుక్కుని హీలియంగా మారుతుంటాయి. ప్రతి సెకనుకూ సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ ఇలా మారిపోతుంది. అందులో 40 లక్షల టన్నుల పైచిలుకు పదార్థం పదార్థంగా మిగలదు, శక్తిగా మారి బయటికి వస్తుంది. పొద్దున పెరట్లో తగిలే ఎండ అదే. ఇలా 460 కోట్ల ఏళ్లుగా మండుతున్నాడు. ఇంకో 500 కోట్ల ఏళ్లకు సరిపడా సరుకు ఉంది. ఆ తర్వాత ఉబ్బి, ఎర్రబడి, పైపొరలను వదిలేసి, చివరికి భూమంత సైజులో తెల్లని నిప్పుకణికలా మిగిలిపోతాడు. దాన్నే శ్వేత కుబ్జం అంటారు.

అన్ని నక్షత్రాలకూ ఇంత ప్రశాంతమైన చావు రాదు. 1930లో మద్రాసు నుంచి ఇంగ్లండుకు ఓడలో వెళ్తూ, ఇరవై ఏళ్లు కూడా నిండని సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఒక లెక్క వేశారు. శ్వేత కుబ్జం బరువు ఒక హద్దు దాటితే అది తన బరువును తానే మోయలేదని తేల్చారు. ఇప్పుడు ఆ హద్దును సూర్యుడి బరువుకు సుమారు 1.4 రెట్లుగా చెబుతారు. అప్పట్లో ఇంగ్లండులో పెద్దలు ఆయన మాటను కొట్టిపారేశారు. నక్షత్రాల పరిణామంపై చేసిన కృషికి 1983లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

సూర్యుడికన్నా ఎన్నో రెట్లు బరువైన నక్షత్రాల్లో హీలియం మండి కార్బన్, ఆ తర్వాత ఆక్సిజన్, సిలికాన్... ఇలా ఒక్కో మెట్టు ఎక్కుతూ ఇనుము దాకా వస్తుంది. ఇనుము దగ్గర బండి ఆగిపోతుంది. ఇనుప కేంద్రకాలను అతికిస్తే శక్తి రాదు, ఎదురు ఖర్చవుతుంది. పొయ్యిలో నిప్పు ఆరినట్టే. అప్పుడు నక్షత్రం నడిగర్భం క్షణాల్లో కుప్పకూలుతుంది. పైపొరలు పేలిపోతాయి. లోపల మిగిలింది న్యూట్రాన్ తారగానో, కృష్ణబిలంగానో మారుతుంది.

మరి ఇనుముకన్నా బరువైన బంగారం? దాని కేంద్రకంలో 79 ప్రోటాన్లు, 118 న్యూట్రాన్లు ఉంటాయి. అది తయారు కావాలంటే న్యూట్రాన్లు వరదలా వచ్చి పడాలి. అవి మింగిన కేంద్రకం బరువెక్కి, నిలకడ తప్పి, ఒక్కో న్యూట్రాన్‌ను ప్రోటాన్‌గా మార్చుకుంటూ మెట్టు మెట్టుగా బంగారం దాకా వస్తుంది. ఇలా నిలకడ లేని కేంద్రకం తనను తాను మార్చుకోవడాన్నే రేడియోధార్మికత అంటారు. అలా న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారిన ప్రతిసారీ ఒక ఎలక్ట్రాన్, దాంతోపాటు న్యూట్రినో జాతికి చెందిన ఒక కణం బయటపడతాయి. అంటే రేడియోధార్మికత అనగానే బాంబు, క్యాన్సర్ మాత్రమే గుర్తుకు రానక్కర్లేదు. పెళ్లికూతురి మెడలో మంగళసూత్రం కూడా దాని చలవే.

ఈ సంగతి ఊహ దగ్గరే ఆగిపోలేదు. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్న చప్పుడు, అంటే గురుత్వ తరంగం, అమెరికా, ఐరోపా యంత్రాలకు అందింది. అది జరిగింది 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో. ఆ వెలుగును పరీక్షించిన శాస్త్రజ్ఞులు అందులో వేల భూగోళాల బరువుకు సరితూగే బరువైన మూలకాలు తయారయ్యాయని అంచనా కట్టారు. బంగారం, ప్లాటినం లాంటివి ఆ కోవలోవే.

మరి కోలారు కార్మికుడు మూడు కిలోమీటర్ల లోతున, ఒళ్లు ఉడికిపోయే వేడిలో సుత్తి, డ్రిల్లు పట్టి తవ్వింది దేన్ని? ఎప్పుడో చచ్చిపోయిన నక్షత్రాల బూడిదను. ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు. కూలి మాత్రం లెక్కకట్టి ఇచ్చారు, అదీ బేరమాడి.

గని లోపల ఏం జరిగింది?

ఆకాశం నుంచి నిత్యం కాస్మిక్ కిరణాలు భూమి మీద పడుతుంటాయి. ఇవి చాలావరకు పేలిపోయిన నక్షత్రాల శిథిలాల నుంచే బయలుదేరుతాయని శాస్త్రజ్ఞుల నమ్మకం. అవి గాలిపొరను ఢీకొన్నప్పుడు రకరకాల కణాలు పుడతాయి. వాటిలో మ్యూయాన్లు, న్యూట్రినోలు ముఖ్యం. మ్యూయాన్లు రాతిని కొంతదూరం చీల్చుకుని పోగలవు గానీ లోతు పెరిగేకొద్దీ ఆగిపోతాయి. న్యూట్రినోకు రాయీ లేదు, గోడా లేదు. భూగోళాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటి వెళ్లిపోతుంది. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలే మన బొటనవేలి గోరంత చోటు గుండా సెకనుకు 6,500 కోట్లు పోతున్నాయి. చదువుతున్న ఈ క్షణంలో కూడా. ఏమీ చేయవు, తగలవు, తెలియవు. అందుకే వాటిని పట్టుకోవడం అంత కష్టం.

పట్టుకోవాలంటే మిగతా గోల వినపడని చోటు కావాలి. జాతర మధ్యలో గుసగుస వినబడదు కదా. హోమీ భాభా ప్రోత్సాహంతో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ శాస్త్రజ్ఞులు 1950వ దశకం ఆరంభంలోనే కోలారు గనుల్లో దిగి, ఏ లోతులో ఎన్ని కణాలు వస్తున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. బి.వి. శ్రీకంఠన్ ఆ పనికి ఆద్యులు. అత్యంత లోతుకు వెళ్లేసరికి వారాల తరబడి కాచుకున్నా ఒక్క మ్యూయాన్ కూడా తగల్లేదు. ప్రపంచంలోనే అంత నిశ్శబ్దమైన చోటు దొరికిందని వారికి అర్థమైంది.

తర్వాత ఎం.జి.కె. మీనన్, పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం వంటి వారు జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హామ్ విశ్వవిద్యాలయాల వారితో కలిసి, హీత్‌కోట్ షాఫ్టు దగ్గర పరికరాలు బిగించారు. రాతి లోపల న్యూట్రినో ఎప్పుడో ఒకసారి ఒక కేంద్రకాన్ని తాకుతుంది. అప్పుడు పుట్టే మ్యూయాన్ అడ్డంగా దూసుకొస్తుంది. పైనుంచి వచ్చే మామూలు మ్యూయాన్ అలా అడ్డంగా రాలేదు, మధ్యలోనే రాయి మింగేస్తుంది. కాబట్టి అడ్డంగా వచ్చిన గీత కనిపిస్తే అది న్యూట్రినో పనే. 1965లో ఆ గీత కనిపించింది. దాదాపు అదే సమయంలో దక్షిణాఫ్రికాలో ఇంకో బంగారు గనిలో ఫ్రెడరిక్ రైన్స్ బృందానికీ కనిపించింది. మనిషి రియాక్టర్‌లో పుట్టించిన న్యూట్రినోను 1956లోనే పట్టుకున్నా, గాలిపొరలో ప్రకృతి పుట్టించిన న్యూట్రినో మనిషికి చిక్కడం అదే మొదలు.

1980వ దశకంలో అదే గనిలో 140 టన్నుల ఇనుముతో మరో ప్రయోగం నడిచింది. ప్రోటాన్ కూడా ఎప్పటికైనా చితికిపోతుందా అన్నది ప్రశ్న. అంటే లోకంలో పదార్థమంతా చివరికి రేడియోధార్మికమేనా అన్నమాట. కొన్ని జాడలు కనిపించాయని అప్పట్లో ప్రకటించారు. మరెక్కడా అవి ధ్రువపడలేదు. సైన్సులో అది అవమానం కాదు. అడగాల్సిన ప్రశ్న అడిగారు, అంతే.

ఈ టన్నుల ఇనుము, గాజు గొట్టాలు, తీగలు గని కార్మికుల చేయి పడకుండా షాఫ్టులో కిందికి దిగేవా? ఏ రాయి ఎప్పుడు పేలుతుందో తెలిసినవాళ్లు, ఏ మూల గాలి ఆడదో తెలిసినవాళ్లు వాళ్లే. చిత్తూరు నుంచి, ఉత్తర ఆర్కాట్ నుంచి వలస వచ్చిన తెలుగు, తమిళ కుటుంబాల మనుషులు. మారికుప్పం లైన్లలో ఏ మనవడైనా "తాతా, కింద సైంటిస్టులు ఏం చేస్తా ఉండ్రి?" అని అడిగితే, "ఏమో నాయనా, ఏవో గొట్టాలు పెట్టుకుని కూచుంటా ఉండ్రి. మాకెవురు చెప్పినారు?" అన్న జవాబు తప్ప ఇంకేం వస్తుంది?

అక్కడ అలా... ఇక్కడ ఇలా

అమెరికాలో దక్షిణ డకోటా రాష్ట్రంలో హోమ్‌స్టేక్ అనే బంగారు గని ఉంది. 1960వ దశకంలో రేమండ్ డేవిస్ ఆ గనిలో దాదాపు ఒకటిన్నర కిలోమీటరు లోతున, బట్టలు ఉతికే రసాయనాన్ని ఒక పెద్ద ట్యాంకులో నింపి, సూర్యుడి న్యూట్రినోలను లెక్కపెట్టారు. సూర్యుడి గర్భంలో కేంద్రకాలు అతుక్కుంటున్నాయనడానికి అది సాక్ష్యమైంది. 2002లో ఆయనకు నోబెల్ దక్కింది. అదే ఏడాది ఆ గని మూతపడింది. అంటే కోలారు మూతపడిన మరుసటి ఏడాదే.

ఆ తర్వాత ఏమైంది? 2006లో కంపెనీ ఆ గనిని రాష్ట్రానికి అప్పగించింది. లోపల నిండిన నీళ్లు తోడి, దాన్ని భూగర్భ ప్రయోగశాలగా మార్చారు. ఊళ్లోనే సందర్శకుల కేంద్రం కట్టారు. ఒకప్పుడు గనిలో పనిచేసిన వాళ్లకు అక్కడ మళ్లీ పని దొరికింది. ఇప్పుడు ప్రపంచంలోని అతిపెద్ద న్యూట్రినో ప్రయోగాల్లో ఒకటి అక్కడే రూపుదిద్దుకుంటోంది.

కోలారులో? నీళ్లు తోడలేదు. షాఫ్టులు మునిగిపోయాయి. పైన మిగిలినవి సైనైడ్ గుట్టలు. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్లలోకి, కంచాల్లోకి వస్తుంది. 2024లో ఆ 13 గుట్టల్లో మిగిలిన బంగారం కోసం మళ్లీ తవ్వే కేంద్రం ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం సరేనంది. బూడిదలో మిగిలిన బంగారం మీద ఉన్న శ్రద్ధ, ఆ గనిలో దొరికిన జ్ఞానం మీద ఎందుకు లేదు? రెండు గనులు, ఒకే రకం చరిత్ర. ఒకచోట తలరాత మారింది, ఇంకోచోట మారలేదు. డబ్బు తేడా ఒక్కటే దీనికి కారణం కాదు. అక్కడి జనానికి తమ గని కింద ఏం జరిగిందో తెలుసు. తెలుసు గనుకే గనిని నిలబెట్టుకున్నారు.

చెప్పకపోతే వచ్చే నష్టం

చెప్పకపోతే ఏమవుతుందో తమిళనాడులోని తేని జిల్లా చూపించింది. బోడినాయకనూరు దగ్గర పొట్టిపురంలో, కొండ కింద న్యూట్రినో పరిశోధనశాల కట్టడానికి 2015 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఖర్చు సుమారు 1,500 కోట్ల రూపాయలు. తలమీద కిలోమీటరుకు పైగా రాయి, లోపల 50 వేల టన్నుల ఇనుప పరికరం. కోలారులో పోయిన పేరును మళ్లీ నిలబెట్టాలన్నది శాస్త్రజ్ఞుల ఆశ. ఆ కొండల చుట్టూ తరతరాలుగా తెలుగు మాట్లాడే నాయకర్ కుటుంబాలు ఉన్నాయి.

ఊళ్లలో పుకార్లు పుట్టాయి. అణు వ్యర్థాలు తెచ్చి పాతిపెడతారన్నారు. న్యూట్రినోలు వస్తే పంటలు ఎండిపోతాయన్నారు. న్యూట్రినోలు అంతకుముందూ వస్తున్నాయి, ఇప్పుడూ వస్తున్నాయి. ఆ ప్రయోగశాల వాటిని పుట్టించదు, వచ్చేవాటిని లెక్కపెడుతుంది. శాస్త్రజ్ఞులు ఊళ్లు తిరిగి వివరించే ప్రయత్నం చేశారు. కానీ అప్పటికే అనుమానం ముందు నడిచింది.

అలాగని వ్యతిరేకించిన వాళ్లంతా అమాయకులని తేల్చేయడం తప్పు. అది పడమటి కనుమల ప్రాంతం. సొరంగం తవ్వేటప్పుడు పేలుళ్లు, నీటి ఊటలు, పులులు తిరిగే దారి... ఇవన్నీ నిజమైన ప్రశ్నలే. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని నిలిపేసింది. 2018లో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది. 2022లో తమిళనాడు ప్రభుత్వం పులుల దారిని చూపి, ఈ పథకం వద్దని సుప్రీంకోర్టుకు చెప్పింది. పులి గురించిన ప్రశ్న ఒకటి, పంట ఎండుతుందన్న భయం ఒకటి. మొదటిదానికి జవాబు చెప్పాల్సింది ప్రభుత్వం. రెండోదానికి జవాబు బడి పాఠంలోనే దొరకాలి. రెండూ కలిసిపోవడంతో నిజమైన ప్రశ్న కూడా పుకారులా కనబడింది, పుకారు కూడా నిజంలా చెలామణీ అయింది. నష్టపోయింది రెండు వైపులవాళ్లూ.

ఒడిశాలో గంజాం జిల్లా సంగతి ఇంకో రకం. ఛత్రపూర్ దగ్గర సముద్రపు ఇసుకలో ఇల్మనైట్, జిర్కాన్, గోమేదికంతోపాటు మోనజైట్ కూడా ఉంది. మోనజైట్‌లో థోరియం ఉంటుంది. ప్రభుత్వ రంగ సంస్థ అక్కడ దశాబ్దాలుగా ఇసుక వేరుచేస్తోంది. బరంపురం చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎన్నో. థోరియం అర్ధాయువు 1,400 కోట్ల సంవత్సరాలు. అంటే ఒక ముద్ద థోరియంలో సగం మారడానికి అంత కాలం పడుతుంది. భూమి వయసే 454 కోట్ల ఏళ్లు. అంత నిదానంగా మారేది కాబట్టే అది ఇంకా ఇసుకలో మిగిలి ఉంది. అర్ధాయువు మూడు రోజుల చిల్లరే ఉన్న రాడాన్ వాయువు గాలి ఆడని చోట పేరుకుంటే ప్రమాదం. ఒకే పేరు కింద ఇన్ని తేడాలున్నాయి.

భయపడాలా వద్దా అంటే కొలిచి చూసి చెప్పాలి. రాగి సంగటి తిన్నా, అరటిపండు తిన్నా, కొబ్బరినీళ్లు తాగినా ఒంట్లోకి పొటాషియం వెళ్తుంది. అందులో కొద్దిపాటి భాగం రేడియోధార్మికం. పెద్ద మనిషి ఒంట్లో సెకనుకు నాలుగు వేలకు పైగా పొటాషియం కేంద్రకాలు చితుకుతూనే ఉంటాయి. కుప్పం, కృష్ణగిరి గ్రానైటులోనూ కాస్త యురేనియం, థోరియం ఉంటాయి. ప్రపంచ సగటున మనిషికి ప్రకృతి నుంచి అందే మోతాదు ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు. మోనజైట్ ఇసుక ఉన్న కేరళలోని కరునాగపల్లిలో అది చాలాచోట్ల ఎక్కువ. అయినా అక్కడి జనాన్ని ఏళ్లతరబడి గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఆ కారణంగా క్యాన్సర్లు పెరిగిన జాడ కనబడలేదు. దాన్ని చూపించి ఇసుక శుద్ధి చేసే కార్మికుడి సంగతి వదిలేయమని కాదు. తీరాన నివసించడం వేరు, రోజూ ఆ దుమ్ములో పనిచేయడం వేరు. కాబట్టి కొలతలు బయటపెట్టాలి. ఒడియాలో, తెలుగులో, అందరూ చదివే చోట బోర్డు మీద రాయాలి. మోతాదు తెలిసినవాడు అనవసరంగా భయపడడు, అవసరమైనప్పుడు ఊరుకోడు.

రేపు హింగోలి

ఇక మహారాష్ట్ర. నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు, కిన్వట్ ప్రాంతాల్లో తెలుగు ఇళ్లు ఎన్నో తరాలుగా ఉన్నాయి. ఆ పక్క జిల్లాయే హింగోలి. అక్కడ ఔంఢా నాగనాథ్ దగ్గర గురుత్వ తరంగాల కేంద్రం కట్టడానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం పూర్తి ఆమోదం తెలిపింది. ఖర్చు 2,600 కోట్ల రూపాయలు. నాలుగేసి కిలోమీటర్ల పొడవున్న రెండు గొట్టాలు, ఎల్ అక్షరం ఆకారంలో. నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుట్టే అల భూమిని దాటేటప్పుడు ఆ పొడవులో వచ్చే తేడాను, ప్రోటాన్ వెడల్పులో పదివేల వంతు ఉన్నా, పట్టేయాలన్నది లక్ష్యం. 2017లో బంగారం పుట్టిన ఆ చప్పుడును విన్నవి ఇలాంటి యంత్రాలే.

కోలారులో బంగారం తవ్వారు. హింగోలిలో బంగారం పుట్టుక వినబోతున్నారు. రెండూ తెలుగు ఇళ్లకు కూతవేటు దూరంలోనే. కోలారులో చెప్పలేదు, తేనిలో ఆలస్యంగా చెప్పారు. హింగోలిలోనైనా ముందే చెబుతారా?

అన్నం ముందా? నక్షత్రం ముందా?

దీనికి ఎదురు మాట ఒకటి ఉంది, అది గట్టిదే. గని కార్మికుల ఊపిరితిత్తుల్లో రాతిపొడి చేరి సిలికోసిస్ వచ్చింది. గని మూతపడ్డాక బతుకుతెరువు కోసం తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్ల సమస్యలు తీర్చకుండా న్యూట్రినో కథలేంటి అంటారు. సైనైడ్ దుమ్ము ఆపాలి, జబ్బుపడ్డవాళ్లకు వైద్యం అందాలి. ఇందులో రెండో మాట లేదు. కానీ ఇవి చేయాలంటే న్యూట్రినో పాఠం ఆపాలా? కార్మికుడి కొడుకు చదువుకుంటేనే కదా తండ్రి ఊపిరితిత్తుల్లో ఏముందో, గుట్టలో ఏముందో తెలిసేది. కడుపుకు అన్నం పెట్టనివాళ్లే బుర్రకు చదువు కూడా పెట్టలేదు. రెండు బాకీలూ ఒక్కరివే.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది. సైన్సు ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో చెప్పి ఏం లాభమని. సరిహద్దు పిల్లవాడికి ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో, పెద్ద చదువుల భాష ఇంగ్లీషు. మూడు భాషలూ నేర్చుకుంటాడు, అది వాడి బలం. కానీ 'ఎందుకు' అన్న ప్రశ్న మొదట పుట్టేది ఇంటి భాషలోనే. ఆ ప్రశ్న పుట్టకముందే జవాబును ఇంగ్లీషులో బట్టీ పట్టిస్తే మార్కులు వస్తాయి, ప్రశ్న చచ్చిపోతుంది. ఇంట్లో జేజితో, తాతతో చెప్పుకోలేని చదువు ఆ ఇంటికి ఎప్పటికీ పరాయిదే.

చేయాల్సింది కొండంత కాదు

కావాల్సినవి గొప్ప గొప్ప కోర్కెలు కావు. కోలారు గనుల పట్టణంలో, అందరికీ కనబడే చోట, 1965లో అక్కడ ఏం జరిగిందో కన్నడం, తెలుగు, తమిళం, ఇంగ్లీషుల్లో చెప్పే ఒక ప్రదర్శనశాల కావాలి. అందులో శాస్త్రజ్ఞుల ఫొటోలతోపాటు కార్మికుల సుత్తులు, దీపాలు కూడా ఉండాలి. ఆ ప్రయోగాలు చూసిన ముసలివాళ్లు ఇంకా కొందరైనా ఉండగానే వాళ్ల మాటలు రికార్డు చేయాలి.

సరిహద్దు జిల్లాల బడుల్లో, ఏ మాధ్యమమైనా సరే, స్థానిక సైన్సు పేరుతో ఏడాదికి నాలుగు పాఠాలు చాలు. కోలారు న్యూట్రినో ఒకటి, ఛత్రపూర్ ఇసుక ఒకటి, హింగోలి యంత్రం ఒకటి, జవ్వాది కొండల్లోని కావలూరు వేధశాల ఒకటి. వాణియంబాడికి దగ్గర్లో ఉన్న ఆ వేధశాలకు ఇప్పుడున్న పేరు వైణు బాపు అన్నది. ఆయన హైదరాబాద్‌లో పెరిగి, అక్కడి నిజామియా వేధశాలలో నక్షత్రాలు చూడడం నేర్చుకున్నారు. నక్షత్రపు వెలుగులోని కాల్షియం గీత వెడల్పును బట్టి ఆ నక్షత్రం అసలు కాంతి ఎంతో చెప్పవచ్చని 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి చూపించారు. మన దేశంలోనే తయారైన 2.34 మీటర్ల టెలిస్కోపు 1986 నుంచి ఆ కొండమీద పనిచేస్తోంది. చిత్తూరు, కోలారు, కృష్ణగిరి బడుల నుంచి బస్సు వేసుకుని ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. విహారయాత్ర పేరుతో ప్రతి ఏడూ అదే పార్కుకు తీసుకెళ్లే బదులు ఒక్కసారి ఆ కొండెక్కించి చూడండి.

హింగోలి కేంద్రం పనులు జోరందుకునేలోపే నాందేడ్, హింగోలి ఊళ్లలో మరాఠీలోనూ, తెలుగు ఇళ్లున్న చోట తెలుగులోనూ సభలు పెట్టి, ఏం కడుతున్నారో, ఎవరి భూమి ఎంత పోతుందో, ఎవరికి ఏం పని దొరుకుతుందో చెప్పాలి. కోలారులో గుట్టలు తవ్వేముందు కూడా అంతే. ఏ రసాయనం వాడతారో, దుమ్ము ఎలా ఆపుతారో జనం భాషలో చెప్పి, జనం అడిగినదానికి జవాబు ఇచ్చాకే పార పట్టాలి.

వచ్చే ఫిబ్రవరి 28న సైన్సు దినం మళ్లీ వస్తుంది. బంగారుపేట, ముళబాగిలు బడుల్లో ఆ రోజు మాస్టర్లు ఒక్క పని చేస్తే చాలు. పిల్లల్లో ఎవరి తాత గనిలో పనిచేశాడో చేతులెత్తమని అడగాలి. చేతులెత్తినవాళ్లతో, మీ తాత తవ్వింది నక్షత్రపు బూడిద, ఆయన పనిచేసిన గనిలోనే ప్రపంచం న్యూట్రినోను చూసింది అని తెలుగులోనో, కన్నడంలోనో చెప్పాలి. సాయంత్రం ఆ మాట ఇంటికి చేరుతుంది. గని మూతపడిన ఇన్నేళ్లకు ఆ ఇళ్లకు చేరాల్సిన బాకీల్లో పైసా ఖర్చులేనిది ఇదొక్కటే. దీన్నైనా తీర్చాలి.